గాలి మీద నిలబడే రెండు డేగలు: చంద్రగిరి నుంచి తలకోన దాకా నాలుగు రోజులు

చెరువు కట్ట మీద నుంచి చూస్తే పావురమంత పక్షి ఒకటి ఆకాశంలో మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది. పెరట్లో నూరు వరహాల చెట్టు దగ్గర వేలెడంత పురుగు పువ్వు ముందు అలాగే నిలబడి తేనె తాగుతుంది. మొదటిది తొండల గద్ద. ఇంగ్లీషులో కెస్ట్రెల్, శాస్త్రం పేరు ఫాల్కో టిన్నంక్యులస్. రెండోది పగలు తిరిగే చిమ్మట. ఇంగ్లీషు వాళ్ళు దాని వంశానికే హాక్ మాత్ అని పేరు పెట్టారు, మన మాటల్లో డేగ చిమ్మట. చిమ్మట అంటే చాలా ఊళ్ళలో రాత్రి గీపెట్టే పురుగు. ఇక్కడ చెప్పేది అది కాదు, సీతాకోకచిలుక చుట్టం.

రెంటినీ ఒకే ప్రయాణంలో చూడాలంటే తిరుపతి చుట్టుపక్కల చోటు మంచిది. గుట్టలు, చెరువులు, చెనిక్కాయ చేలు, పూలతోటలు అన్నీ గంట ప్రయాణంలోనే ఉన్నాయి. కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం వరకు. తొండల గద్దల్లో ఎక్కువ భాగం చలికాలపు అతిథులు, అక్టోబరులో దిగి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి వెళ్ళిపోతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుకు సర్దుకుంటాయి గనుక పొదలు పూత మీద ఉంటాయి, చిమ్మటలకూ అదే అదను.

సామాను కొంచెమే. 8×42 బైనాక్యులర్ ఒకటి, రెండు మీటర్ల దగ్గరి వస్తువు మీద కూడా స్పష్టత కుదిరేది. దగ్గరి దృష్టి లేనిది తెచ్చుకుంటే గద్ద కనిపిస్తుంది, చిమ్మట మసకబారుతుంది. స్లో మోషన్ ఉన్న ఫోను. జానెడు పుల్లకు కట్టిన మూరెడు కుట్టు దారం. ఈ ప్రయాణంలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ దారమే, ఎందుకో మొదటి రోజే తెలుస్తుంది.

మొదటి రోజు: చంద్రగిరి

తిరుపతి నుంచి చంద్రగిరి పద్నాలుగు కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. డిసెంబరు చివర్లో సూర్యోదయం ఆరున్నర దాటాక. ఏడుకల్లా కోట దగ్గర దిగితే చాలు, అంతకు ముందు వచ్చి చేసేదేమీ లేదు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఈ కోటలో రాజమహల్ చూడడానికి జనం పది తర్వాత వస్తారు. అప్పటిదాకా తోట, కోటగోడ పక్కన లంటానా పొదలు మనవే.

దారం కట్టిన పుల్లను భుజం ఎత్తున పట్టుకోండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య దారం నిట్టనిలువుగా వేలాడుతుంది. అది చిమ్మట వేళ. ఎండ తగిలే పొద ఒకటి ఎంచుకుని, ఎండను వీపుకు పెట్టుకుని, పూలకు రెండు మీటర్ల దూరంలో కదలకుండా నిలబడాలి. పొద నుంచి పొదకు తిరిగేవాళ్ళకు ఇది దొరకదు. ఒకసారి వచ్చిన పొదకు చిమ్మట మళ్ళీ వస్తుంది, అందుకే అది పోయినా మనం అక్కడే ఉండాలి.

ఇక్కడ కనిపించేవి రెండు రకాలు. మాక్రోగ్లాసమ్ జాతివి గోధుమ రంగులో బొద్దుగా ఉంటాయి, ఎగిరితే వెనక రెక్కల్లో పసుపు పట్టీ మెరుస్తుంది. ఆ పేరుకు గ్రీకులో పొడవాటి నాలుక అని అర్థం. రెండోది గాజురెక్కల డేగ చిమ్మట, సెఫనోడెస్ హైలాస్. ఆకుపచ్చ ఒళ్ళు, నడుముకు అడ్డంగా ఒక ముదురు పట్టీ, అద్దంలాంటి రెక్కలు. ప్యూపా (గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ నడుమ దశ) చీల్చుకుని వచ్చినప్పుడు దాని రెక్కల మీద కూడా పొలుసులు ఉంటాయి. మొదటిసారి ఎగరగానే అవి పొడిలా రాలిపోతాయి, గాజు బయటపడుతుంది.

పొరపాట్లు జరిగేది ఇక్కడే. తేనెపిట్ట పది సెంటీమీటర్లు ఉంటుంది, ముక్కు ఉంటుంది, పువ్వు ముందు క్షణం నిలబడ్డా వెంటనే కొమ్మ పట్టుకుంటుంది. నల్ల తుమ్మెద పువ్వు మీద వాలుతుంది. డేగ చిమ్మట వాలదు. దానికి మీసాలు ఉంటాయి, చుట్టచుట్టుకున్న తొండం సాగదీసి దూరం నుంచే తాగుతుంది, తోక చివర వెంట్రుకల కుచ్చు విసనకర్రలా విచ్చుకుంటుంది. హమ్మింగ్ బర్డ్ చూశామని ఏటా ఎవరో ఒకరు ఫొటో పంపుకుంటూనే ఉంటారు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల పక్షులు, మన దేశంలో అడవిలో ఒక్కటి కూడా లేదు. ఆ ఫొటోలో ఉన్నది ఈ చిమ్మటే.

తొమ్మిదిన్నర, పది మధ్య దారం కదలడం మొదలుపెడుతుంది. అది ఏటవాలుగా లేచిందంటే లంటానా వదిలేసి కోట వెనక గుట్ట వైపు చూడాలి. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, గుట్టకు కొట్టుకుని ఆ వాలు వెంట పైకి లేస్తుంది. గద్ద దాని మీద ఆనుకుంటుంది. ఆకులు, సన్నపు రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము లేచి, చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. తొండల గద్దకు ఈ రెండోది పండుగ.

అది నిలబడడం అనేది నిజానికి ఎగరడమే. గాలి ఎంత వేగంతో ఎదురొస్తే అంత వేగంతో ముందుకు ఎగురుతుంది, కనుక నేలతో పోలిస్తే కదలిక సున్నా. వాగులో ఏటికి ఎదురు నిలిచిన చేప చేసేది ఇదే. చేప ఈదుతూనే ఉంటుంది, గట్టు మీద ఉన్నవాడికి మాత్రం నిలిచినట్టు కనిపిస్తుంది. చిమ్మటకు ఆ ప్రవాహం లేదు. బావిలో నిలువీత వేసేవాడు చేతులతో నీటిని కిందికి తోసుకుంటూ తేలినట్టు, అది రెక్కలతో గాలిని కిందికి తోసుకుంటూ నిలబడుతుంది. గద్ద ఉన్న గాలిని వాడుకుంటుంది, చిమ్మట తన గాలి తానే చేసుకుంటుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే రేపటి నుంచి ఏది ఎప్పుడు ఎక్కడ దొరుకుతుందో దారమే చెబుతుంది.

రెండో రోజు: శ్రీవారి మెట్టు, తిరుమల

శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కాస్త పైన, మెట్లు 2388. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3550. పక్షులు, పురుగులు చూసే పనికి మొదటిదే మేలు, దారి పొట్టి, చూడడానికి ఓపిక మిగులుతుంది. పగటివేళే వెళ్ళనిస్తారు. చిరుతలు తిరిగే అడవి గనుక గుంపు విడవకూడదు, మెట్ల దారి దిగి పొదల్లోకి పోకూడదు. డ్రోన్ మాట తలపెట్టొద్దు, తిరుమలలో నిషిద్ధం.

ఏడుకొండల్లో ఒకటి గరుడాద్రి. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవకు లక్షల జనం వచ్చే చోట అసలు గరుడ పక్షిని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. ఇటుకరంగు ఒళ్ళు, తెల్లటి తల, రొమ్ము ఉన్న పక్షి కొండ అంచున సుడి తిరుగుతుంటే అదే గరుడ పక్షి. అది నిలబడదు, తిరుగుతుంది. ఎండకు వేడెక్కిన బండల మీద నుంచి లేచే గాలిలో రెక్క కొట్టకుండా పైకి పోవడం దాని విద్య. తొండల గద్ద విద్య వేరు.

కొండ మీద చిమ్మట కోసం పొద్దున్నే పోతే నిరాశే. ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్న తిరుమలలో చలికాలపు ఉదయం మంచు పట్టి ఉంటుంది. డేగ చిమ్మట ఎగరాలంటే దాని రొమ్ము కండరాలు సుమారు 40 డిగ్రీల వేడికి చేరాలి. ఆకు మీద కూర్చుని, రెక్కలు సగం విప్పి, వణుకుతున్నట్టు ఆడిస్తూ ఉంటుంది. చలికి వణుకుతోందని అనుకుంటాం గానీ, అది ఇంజను వేడి చేసుకోవడం. అందుకు కొండ కింద పట్టే వ్యవధి కంటే ఇక్కడ ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో దగ్గరికి పోయి వేలు పెడితే ఎగరలేక కింద పడుతుంది, పిల్లలకు ముందే చెప్పాలి. తోటల మీద ఎండ పూర్తిగా పడ్డాక, తొమ్మిది తర్వాత రండి.

గద్దకు ఈ తిప్పలు లేవు. ఈకల చొక్కా ఉంది, ఒంటి వేడి పొద్దస్తమానం ఒకే తీరున ఉంటుంది. దానికి కావలసింది గాలి ఒక్కటే.

మధ్యాహ్నం కథ తిరగబడుతుంది. రొమ్ముకు దట్టమైన పొలుసుల దుప్పటి ఉన్న చిమ్మటకు మండుటెండలో ఎగిరితే లోపలి వేడి పెరిగిపోతుంది. పదకొండు నుంచి మూడు దాకా ఆకు నీడన దాక్కుంటుంది, మళ్ళీ నాలుగు తర్వాత వస్తుంది. శిలాతోరణం చూడడం, భోజనం, దర్శనం ఏదైనా ఈ మధ్యలోనే పెట్టుకోవాలి.

మూడో రోజు: రాయలచెరువు, చుట్టూ చేలు

ఈ ప్రయాణానికి ప్రాణం ఈ రోజు. పొద్దున ఏడింటికి చెరువు కట్ట ఎక్కాలి, సాయంత్రం దాకా కదలనక్కరలేదు. తాగడానికి నీళ్ళు, టోపీ, సంగటి ముద్ద కట్టించుకుంటే మంచిది.

చెనిక్కాయ పీకేసిన చేలల్లో నేల బోసిగా ఉంటుంది. మిగిలిపోయిన కాయల కోసం ఎలుకలు, గడ్డిలో మిడతలు, గట్ల మీద తొండలు. ఇదంతా గద్దకు పరిచిన విస్తరి. ముందుగా కరెంటు తీగల మీద చూడండి. బూడిద, తెలుపు రంగుల్లో, భుజం మీద నల్ల మచ్చతో, ఎర్రటి కళ్ళతో తోక పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చున్నది అడవి రామదాసు, ఎలనస్ సెరూలియస్. తొండల గద్దలా ఇది అతిథి కాదు, ఏడాది పొడవునా ఇక్కడిదే. పొద్దున, సాయంత్రం గాలి లేని వేళల్లో కూడా రెక్కలు గట్టిగా కొట్టి నిలబడుతుంది. ఎలుక కనిపిస్తే రెక్కలు పైకెత్తి, కాళ్ళు వేలాడేసి మెట్టు మెట్టుగా దిగుతుంది.

తొండల గద్దలో మగదానికి తల, తోక బూడిద రంగు, వీపు ఇటుక రంగు మీద నల్ల చుక్కలు. ఆడదానికి ఒళ్ళంతా గోధుమ రంగు మీద అడ్డ చారలు. రెంటికీ తోక చివర వెడల్పాటి నల్ల పట్టీ. రెక్కలు పొడవుగా, చివర మొనదేలి ఉంటాయి. జాలె డేగ రెక్కలు పొట్టి, గుండ్రం, అది చెట్ల చాటు నుంచి దూకుతుందే తప్ప గాలిలో నిలబడదు. నల్ల గద్ద తోక చీలి ఉంటుంది, అదీ నిలబడదు. బాగా పెద్ద పక్షి, చాచిన రెక్కలు మనిషి నిలువంత వెడల్పుతో, కాళ్ళు వేలాడేసి నిలబడితే అది పాముల గద్ద. ఒకటిన్నర కిలో దాటిన బరువును నిలబెట్టాలంటే గట్టి గాలి ఉండాలి, అందుకే అది పది తర్వాతే కనిపిస్తుంది.

బరువు మాట వచ్చింది గనుక లెక్క చూద్దాం. తొండల గద్ద సుమారు 200 గ్రాములు. మాక్రోగ్లాసమ్ చిమ్మట గ్రాములో మూడో వంతు. అంటే ఆరు వందల రెట్ల తేడా. ఒళ్ళు పెరిగే కొద్దీ నిశ్చలమైన గాలిలో నిలబడడానికి గ్రాముకు పట్టే బలం పెరుగుతుంది, కండరం ఇచ్చే బలం ఆ లెక్కన పెరగదు. గాలి పడిపోయిన రోజు గద్ద కొన్ని క్షణాలు ఆయాసంగా రెక్కలు కొట్టి, పని మానుకుని తీగ మీద కూర్చుంటుంది. చిమ్మట అదే గాలిలో పూట పూటంతా పువ్వు పువ్వుకూ నిలబడుతుంది. దానికి రెక్క నిర్మాణం కూడా కలిసొచ్చింది. గద్ద రెక్క కిందికి కొట్టినప్పుడే ఎక్కువ బలం ఇస్తుంది, పైకి తీసేటప్పుడు ముడుచుకుంటుంది. చిమ్మట రెక్క ముందుకు పోతూ, వెనక్కి వస్తూ తిరగబడుతుంది, రెండు దెబ్బల్లోనూ గాలి కిందికే పోతుంది. రెక్క కొస గాలిలో ఎనిమిది అంకె గీస్తుంది.

ఫోనుతో ఇది పట్టుకోవచ్చు. గద్ద నిలబడినప్పుడు సెకనుకు ఐదారు సార్లు రెక్క కొడుతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే వీడియోలో ఒక్కో దెబ్బకు నలభై ఫ్రేములు వస్తాయి, ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. మాక్రోగ్లాసమ్ యూరప్ చుట్టం మీద చేసిన కొలతల్లో రెక్క సెకనుకు 70 నుంచి 80 సార్లు కొడుతుందని తేలింది. అదే 240 ఫ్రేముల్లో దెబ్బకు మూడు ఫ్రేములే, ఏమీ అర్థం కాదు. 960 ఫ్రేముల ఫోను ఉంటే పన్నెండు, పదమూడు వస్తాయి, రెక్క తిరగబడడం కనిపిస్తుంది. కెమెరా ఉన్నవాళ్ళు షట్టర్ వేగం గద్దకు సెకనులో 1/2000 వంతు, చిమ్మటకు 1/4000 వంతు పెట్టుకోవాలి. చిమ్మట మీద ఆటో ఫోకస్ వెనకున్న ఆకుల మీదికి జారిపోతుంది. పువ్వు మీద ముందే ఫోకస్ పెట్టి వదిలేసి, అది వచ్చేదాకా ఆగడమే మందు.

ఇక కళ్ళ సంగతి, ఈ పోలికలో ముచ్చటైన భాగం ఇదే. కట్ట మీద నిలబడి గద్ద తలను దూరంగా ఉన్న తాటిచెట్టు కొసతో వరుస కలపండి. ఒళ్ళు ఊగుతుంది, తోక విచ్చుకుని ముడుచుకుంటుంది, రెక్కలు సర్దుకుంటాయి. తల మాత్రం కదలదు. గాలి దెబ్బకు ఒళ్ళు వెనక్కి జరిగితే మెడ ముందుకు సాగుతుంది, తల స్థానం కొన్ని మిల్లీమీటర్లకు మించి తప్పదు. నేల మీద తొండ కదలికను పట్టాలంటే కంటికి నేల కదలకూడదు. చిమ్మటకు నేలతో పని లేదు. దాని లోకం పువ్వు, అది గాలికి ఊగుతుంది. కనుక చిమ్మట పువ్వుతో పాటే ఊగుతుంది, తొండం కొస పువ్వు లోపల జారిపోకుండా. పక్కనే ఆగి ఉన్న ఆకుతో పోల్చి చూస్తే ఆ ఊగు తెలుస్తుంది.

ఒళ్ళు ఎటు తిరిగిందో చిమ్మటకు చెప్పేవి మీసాలు. రెక్కల తాళానికి మీసాలూ కంపిస్తుంటాయి, ఒళ్ళు తిరిగితే ఆ కంపనం దారి మళ్ళుతుంది, మీసం మొదట్లో ఉన్న నాడులు దాన్ని పసిగడతాయి. ఒక పెద్ద డేగ చిమ్మట మీద ఈ పని చేసి 2007లో ప్రచురించిన బృందంలో మొదటి రచయిత సంజయ్ సానే తర్వాత బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌కు వచ్చారు. ఆ ప్రయోగంలో మీసాలు కత్తిరించిన చిమ్మటలు గోడలకు కొట్టుకున్నాయి, నేల మీద పడ్డాయి. మీసాలు తిరిగి అతికిస్తే మళ్ళీ సరిగ్గా ఎగిరాయి.

మొదట్లో రెంటినీ డేగలు అన్నాం గానీ, నిజానికి ఆ పేరు రెంటికీ కుదరదు. చిమ్మట వేటాడదు, ఆ సంగతి సరే. తొండల గద్ద కూడా డేగల వంశం కాదు, ఫాల్కన్ల వంశం. 2008లో వచ్చిన పెద్ద జన్యు పరిశీలన ప్రకారం ఫాల్కన్లకు డేగల కంటే చిలకలే దగ్గరి చుట్టాలు. ఫాల్కన్లకు పై ముక్కు అంచున చిన్న పన్ను లాంటి మొన ఉంటుంది, ఎర మెడ దానితో కొరికి చంపుతాయి. డేగలు గోళ్ళతోనే పని కానిస్తాయి.

మొరవ (చెరువు అలుగు) దగ్గర నీళ్ళ మీద నిలబడి తలకిందులుగా దూకే నలుపు తెలుపు లకుముకి పిట్టను కూడా దాటిపోవద్దు. గాలి లేకున్నా నిలబడగలదు, బరువు వంద గ్రాముల లోపు. గద్దకూ చిమ్మటకూ నడుమ మెట్టు అది.

ఈ చేల దగ్గర ఆగినప్పుడు రైతులకు ఒక మాట చెప్పొచ్చు. ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా బయట తిరుగుతుంది, గద్దకు ముందుగా దొరికేది అదే. మందు పెట్టక తప్పకపోతే చచ్చినవాటిని ఏరి పాతిపెట్టాలి.

నాలుగో రోజు: తలకోన

తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా అరవై కిలోమీటర్ల లోపు. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే అడిగి పెట్టుకోవాలి. అటవీ శాఖ గేటు దగ్గర రుసుము కట్టి లోపలికి పోవాలి. జలపాతం 270 అడుగులు, డిసెంబరులో నీళ్ళు ఉంటాయి.

అడవి లోపల దారం రోజంతా వేలాడే ఉంటుంది. తొండల గద్ద కోసం వెతకడం దండగ, దానికి ఇక్కడ గాలీ లేదు, బోసి నేలా లేదు. పైన తెరిపి ఉన్న చోట ఏదైనా పెద్ద గద్ద కేక వేస్తూ తిరగొచ్చు, అంతే. చిమ్మటకు మాత్రం ఇది స్వంత ఇల్లు. దాని గొంగళి పురుగులు తినేవి కాఫీ కుటుంబపు ఆకులు: బిక్కి, మంగ, కొరివి, తొగరు. పెరళ్ళలో ఐతే నూరు వరహాలు. పురుగును నేరుగా వెతికితే కనపడదు, ఆకు రంగులో కలిసిపోతుంది. ముందు నేల చూడాలి. గాళ్ళు పడిన చిన్న పీపాల్లాంటి రెట్టలు, ఒక్కోదానికి నిలువునా ఆరు గాళ్ళు, తాజాగా పడి ఉంటే సరిగ్గా పైనున్న కొమ్మలో పురుగు ఉన్నట్టే. తోక మీద కొమ్ము లాంటి ముల్లు ఉంటుంది, గుచ్చుకోదు, విషం లేదు. ప్యూపా రాలిన ఆకుల కింద, పైపై మట్టిలో ఉంటుంది. పెరట్లో నూరు వరహాల కింద రోజూ ఊడ్చి తగలబెడితే మర్నాటి చిమ్మట ఆ మంటలోనే పోతుంది.

సాయంత్రం ఐదు తర్వాత గేటు దగ్గరి పూల మొక్కల వద్ద చివరి కాపలా కాయొచ్చు. ఎండ వాలే కొద్దీ మాక్రోగ్లాసమ్ జోరు పెరుగుతుంది. చీకటి పడబోయే వేళ పచ్చ, గులాబీ మచ్చల పెద్ద చిమ్మట ఒకటి దిగితే అది పగటి జాతి కాదు, గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరిగే రకం. దానికోసం ఆగితే తిరుపతి బస్సు తప్పుతుంది.